కృపాదానం కిటికీ సీటు

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో కృపాదానం ముఖం పూర్తిగా చూసినవాళ్లు తక్కువ. పదిహేడేళ్ల ఆ ముఖానికి ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం అడ్డం. చదువుతూ తింటాడు గనక, ఓసారి చారనుకుని సిరాబుడ్డిలో వేలు ముంచాడు. తల్లి ఏమడిగినా "ఊఁ" అనేవాడు. నీ స్నేహితులెవరని అడిగితే, సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినట్టు చూసేవాడు. పొద్దుటి హౌరా లోకల్ రాత్రి నిలిపి ఉంచే యార్డులోంచి ప్లాట్‌ఫారానికి వచ్చేసరికే, అందులో కాలు పెట్టే చోటుండదు. అయినా అతనికి రోజూ కిటికీ సీటు దొరికేది. దాని మీద ఓ ఎర్ర రుమాలు ఉండేది. అది తీసి, తలెత్తకుండానే, ఎవరో బెంగాలీ అన్న అనుకుని "దాదా, మీది" అని పక్కన నిలబడ్డవాడి చేతిలో పెట్టి కూర్చునేవాడు. ఇంటర్ చదివిన రెండేళ్లూ ఇదే తంతు.

ఫస్టుక్లాసులో ప్యాసైనందుకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. కృపాదానం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "అంత రద్దీలోనూ రోజూ నాకోసం కిటికీ సీటు ఖాళీగా ఉంచిన ప్రభువుకి స్తోత్రం!" వెనక చాప మీద టీ తాగుతున్న పక్క క్వార్టరు గోవిందరాజుకు పొలమారింది. "పెబువు యార్డుకెల్లి రుమాలేత్తాడేటిరా? నువ్వు సదూకుంతావని నానే ఏసీవోణ్ణి!" అంటూ జేబులోంచి ఎర్ర రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. కూడికంతా గొల్లుమంది. కృపాదానం మాత్రం ఆ రుమాలునీ, దాని వెనకున్న ముఖాన్నీ చూస్తూ, ఆమెన్ చెప్పడం మరిచి నిలబడిపోయాడు.

డిగ్రీ కాలేజీ తెరిచిన రోజు గోవిందరాజు యార్డులో బండెక్కేసరికి, కృపాదానం అప్పటికే పక్క సీట్లో ఉత్తచేతులతో కూర్చుని ఉన్నాడు. కిటికీ సీటు మీద అతని లెక్కల పుస్తకం ఉంది. దాన్ని తీసి, ఈసారి ముఖం చూసి, "దాదా, మీది" అన్నాడు.