కొండ మీద మా బండ

కొండ కింద లారీ దిగేటప్పటికి పొద్దున ఆరు. మంచు పడతాంది. వీపున వైర్‌లెస్ సెట్టు, భుజాన రైఫిలు. హవల్దార్ సాబ్ నా మొగం గూడా చూడలా.

"రాయి యాడ?" అన్నాడు.

ఆ సిగ్నల్ పోస్టు ఆచారం అది. కొత్తగా ఎక్కే ప్రతోడూ కింద నుంచి ఒక రాయి మోసుకుపోవాల. నేనూ ఒకటి ఎత్తుకున్నా. పైన గాలి మనిషిని నిలబడనీదు. ఆ రాళ్ళతో కట్టిన గోడే మాకు దిక్కు. అడుగు వరసలు అద్దంతో ఎండను మెరిపించి కబురు పంపిన కాలంవి. నడుమవి యుద్ధంలోవి. వాటిని మోసినోళ్ళలో కొందరు ఇండ్లకు తిరిగిపోలా. పైవి వైర్‌లెస్ వచ్చినాక పెట్టినవి. హవల్దార్ సాబ్ జవానుగా వచ్చినప్పుడు తెచ్చిన రాయీ అందులోనే ఉంది. డ్యూటీ దిగితే చాలు, చాయ్ గ్లాసు పట్టుకొని ఆ గోడకు ఆనుకొని కూచునేవాడు.

నేను ఒకసారి సెలవుకొచ్చి, తిరిగి పోయేటప్పుడు, ఆ గోడలో మా సీమ రాయీ ఒకటి ఉండాలని, జమ్మలమడుగులో నాపరాయి ముక్కొకటి తీసుకొని ట్రంకుపెట్టెలో ఏసుకున్నా. మా లైన్‌మన్ ప్రొద్దుటూరోడు. పెట్టె తెరిచి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏందప్పా, ఊరగాయ తెస్తావని కాసుకోనుంటే బండ తెచ్చినావే! పిచ్చి గానీ పట్టిందా?"

హవల్దార్ సాబ్ మాత్రం నవ్వినాడు. తానే దాన్ని గోడ మీద పెట్టినాడు.

మరుసటేడు పోస్టు ఎత్తేయమని ఆర్డరొచ్చింది. పక్క కొండ మీద కొత్త టవరు లేచింది. గోడ గూడా ఉండకూడదంట, శత్రువుకు చాటు అయితాదని. హవల్దార్ సాబ్ నా పక్కన కూచొని, "అడిగి చూడు, గొర్రెలోళ్ళకన్నా పనికొస్తాది" అన్నాడు.

"గోడ ఉంచేదానికి పర్మిషన్ కావాల. ఓవర్," అని సెట్టులో కింది ఆఫీసును అడిగినా.

"కుదరదు. సాయంత్రం లోపల పడగొట్టి దిగండి. ఓవర్."

ఇంగోసారి అడిగినా. అదే మాట. ఏం చేస్తాం?

ఒక్కొక్క రాయీ లోయలోకి దొర్లించినాం. ప్రొద్దుటూరోడు మా బండను చేతిలో పట్టుకొని నిలబడినాడు.

"దీన్ని తీసుకుపోదామప్పా."

"అందరివీ పోతాంటే మనదొకటి ఎందుకు?" అన్నా. అదీ పోయింది.

ఆ కొండ నుంచి పోయిన చివరి కబురు నేను పంపిందే. గోడ తీసేసినాం, దిగుతాండాం, అవుట్.

ఇప్పుడు పులివెందులలో చీనీతోట చూసుకుంటాండా. ఇంట్లో నేలంతా నాపరాళ్ళే. వాటి మీద వీపు ఆనిస్తే ఆ సాయంత్రమే గుర్తుకొస్తాది. దిగే ముందర హవల్దార్ సాబ్ చాయ్ గ్లాసు పట్టుకొని తన చోటుకు పోయి కూచున్నాడు. అలవాటు కొద్దీ వెనక్కి ఆనుకోబోయి, వెల్లకిలా మంచులో పడినాడు. మేమెవురమూ నవ్వలా. ఆయన శానాసేపు లేవలా.