మూడు షిఫ్టులకూ ఒకటే క్యాసెట్

నా చిన్నప్పుడు, హిందీ నేల మీది ఇనుప గనుల ఊరు బచేలిలో, సాయంత్రం ఏడయిందంటే చాలు... మా అమ్మ కేబుల్ ఉన్న ప్రతి క్వార్టర్లోనూ కనిపించేది. పక్కింటి టీవీలో అమ్మ, ఎదురింటి టీవీలో అమ్మ... అసలు అమ్మ మాత్రం మా వంటింట్లో చపాతీలు కాలుస్తూ ఉండేది.

మా నాన్న ఊళ్లో లోకల్ కేబుల్ ఛానల్ నడిపేవాడు. ఛానల్ అనగానే పెద్దగా ఊహించుకోకండి... బజార్లో ఒక గది, మేడ మీద రెండు డిష్‌లు, లోపల వీసీఆర్‌లు, భుజాన మోసే పెద్ద కెమెరా ఒకటి. అంతే. హిందీ వార్తలు ఒక మాస్టారు చదివేవారు. తెలుగువాళ్లకు మా అమ్మ. వేరే ఎవరూ ఒప్పుకోలేదు మరి!

మా ముందుగదే స్టూడియో. సాయంత్రం నాలుగింటికి గోడకు నీలం దుప్పటి కట్టి, అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నాన్న రికార్డు చేసేవాడు. రేపు ఏ లైన్లో నీళ్లు ఆలస్యంగా వస్తాయి, ఎవరి ఆవు తప్పిపోయింది, ఆసుపత్రికి కళ్ల డాక్టరు ఎప్పుడొస్తారు... ఇవీ మా వార్తలు. అమ్మది కొంటా వైపు, మాట అక్కడి యాసే. కెమెరా ముందు మాత్రం పాఠ్యపుస్తకం చదివినట్టు చదివేది. కెమెరా ఆగిందో లేదో మళ్లీ మామూలే... "ఇగ చాలయ్యా, పొయ్యి మీద పప్పు మాడుతాంది" అని లేవబోయేది. "ఏందే, అప్పుడే లేస్తవ్? ఆవుకు విరిగింది ఎడమ కొమ్మయితే కుడిది అని చదివినవ్. మళ్ల చదువు" అని నాన్న కూర్చోబెట్టేవాడు.

గనిలో పనిచేసేవాళ్లకు షిఫ్టులు కదా... అందుకని అవే వార్తలు మూడుసార్లు వేసేవాళ్లు. సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి, రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాళ్లు లేచాక మధ్యాహ్నం ఇంకోసారి. మూడోసారి అయిపోగానే క్యాసెట్ వెనక్కి తిప్పి, మళ్లీ కెమెరాలో పెట్టి, దాని మీదే కొత్త వార్తలు. మంచి క్యాసెట్ కావాలంటే జగదల్‌పూర్ వెళ్లాలి. పైగా పాత వార్తలు దాచుకుని ఏం చేసుకుంటాం? రేపు నీళ్లు రావన్న కబురు ఎల్లుండికి ఎవరికి కావాలి?

అలా రోజూ నిన్నటి అమ్మ చెరిగిపోయి ఇవాళ్టి అమ్మ వచ్చేది. మాకెవరికీ అందులో బాధేమీ అనిపించలేదు. అమ్మ ఇంట్లోనే ఉందిగా...

నేను నాలుగో తరగతిలో ఉండగా, వానాకాలంలో అమ్మకు జ్వరం వచ్చింది. "ఇయ్యాల ఒద్దులే, పండుకో" అన్నాడు నాన్న. "రేపు పిల్లలకు పోలియో చుక్కలు ఏస్తరు. నేను చెప్పకపోతే మనోళ్లకు ఎట్ల తెలుస్తది?" అని అమ్మ చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. ఆరోజు గొంతు కాస్త బొంగురుగా ఉందని తర్వాత అందరూ చెప్పారు... నాకైతే గుర్తు లేదు. మర్నాడు అమ్మను ఆసుపత్రిలో చేర్చారు, వార్తలు ఆగిపోయాయి. మూడో రోజు అమ్మ పోయింది. మలేరియా మెదడుకెక్కింది అన్నారు.

మా ఊళ్లో ఎవరైనా పోతే ఆ కబురు ఛానల్లోనే చెప్పేవాళ్లు. ఏ క్వార్టరు, ఎన్ని గంటలకు తీసుకెళ్తారు... ఏ షిఫ్టులో ఉన్నవాళ్లకైనా తెలియాలి కదా. అవి చదివేదీ అమ్మే. అమ్మ కబురు చదవడానికి మాత్రం ఎవరూ లేకపోయారు. నాన్న ఒక చార్టు మీద అమ్మ పేరు, క్వార్టరు నంబరు, సమయం రాశాడు. దాన్ని నీలం దుప్పటికి గుచ్చి, ఎదురుగా కెమెరా నిలబెట్టి, క్యాసెట్ వెనక్కి తిప్పి నొక్కాడు. అంతలోనే ఆసుపత్రి నుంచి అమ్మను తీసుకొచ్చారు. కెమెరా సంగతి నాన్న మర్చిపోయాడు. చాలాసేపటికి ఎవరో చూసి ఆపారట.

పది రోజులయ్యాక నాకు అమ్మను చూడాలనిపించింది... "నాన్నా, అమ్మ వార్తలు పెట్టవా?" అని అడిగాను. నాన్న క్యాసెట్ పెట్టాడు. చార్టు వచ్చింది. ముందుకు తిప్పాడు... చార్టే. వార్తలు ఎంతసేపు ఉంటాయో అంతసేపూ, ఆపైన కూడా ఆ చార్టే. వెనకాల ఏడుపులు మాత్రం వినిపిస్తున్నాయి... మా పెద్దమ్మది, నాన్నది, నాది. అమ్మ చివరిసారి చదివిన వార్తల మీద మేమే ఏడ్చి, అమ్మ గొంతును మేమే చెరిపేసుకున్నాం.

నాన్న వీసీఆర్‌లోంచి క్యాసెట్ బయటికి తీశాడు. "ఎవరిదో పెండ్లికని తెచ్చిన కొత్త క్యాసెట్ అలమార్లనే ఉండె బిడ్డా... చెయ్యి అలవాటు కొద్దీ..." అన్నాడు. ఇన్నేళ్లలో ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి, ఛానల్ మూతపడింది. ఇప్పుడు నాన్న జగదల్‌పూర్‌లో నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న అన్నం తింటూ తింటూ ఆగి, "మీ అమ్మ గొంతు నీకు యాదికున్నదా? నాకైతే వస్తలేదు" అన్నాడు. ఉంది నాన్నా అన్నాను. అబద్ధం చెప్పాను. అమ్మ మాటలు ఎన్నో గుర్తున్నాయి... గొంతే, ఎంత ప్రయత్నించినా రావడం లేదు.

ఇప్పుడు మా పాప అలిగినా, నిద్రలో నవ్వినా ఫోన్‌లో వీడియోనే. ఫోన్ నిండిపోయిందని మా ఆయన గొడవ పెట్టినా ఒక్కటీ చెరపను.

ఆ రోజుల్లో బచేలిలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే... ఒక్క మాట. మా ఛానల్లో వార్తలవగానే వచ్చే సినిమాను చాలామంది ఇళ్లలో రికార్డు చేసుకునేవాళ్లు. మొదలు పోతుందేమోనని కాస్త ముందే నొక్కేవాళ్లు కూడా. మీ అటక మీద అలాంటి పాత క్యాసెట్ ఉంటే పారేయకండి. బూజు పట్టినా ఫరవాలేదు. సినిమా పేర్లు పడడానికి ముందు ఒకావిడ నమస్కారం పెట్టి సెలవు తీసుకుంటూ ఉంటుంది... ఆవిడ మా అమ్మ.

ఒక్క మాట దొరికినా చాలు. కాస్త తొందరగా వెతకండి... మా నాన్నకు చెవులు మందగిస్తున్నాయి.