పాయింట్ తర్వాత నిమిషాలు

ఆ ఆదివారం పొద్దున చిట్కుల్‌లో మా కిరాయి ఇంటి ముందరి గదిలో ఉన్నవాళ్ళు: బాపు, అమ్మ, నేను. ఉన్నవి: లాప్‌టాప్, దక్షిణాఫ్రికాలో రాసుకున్న నా లాగ్‌బుక్, నాలుగు కట్టల జిరాక్స్ కాగితాలు, స్టీలు స్కేలు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, బాపు గీతలు కొట్టి పెట్టుకున్న తెల్ల కాగితాలు, చల్లారిన చాయ్ రెండు కప్పులు.

లాగ్‌బుక్ అంటే పైలట్ ఏ రోజు, ఏ విమానం, ఎంతసేపు నడిపాడో రాసుకునే పుస్తకం. నా దగ్గర అక్కడి లైసెన్సు ఉంది. దాంతో ఇక్కడ ఉద్యోగం చేయడం కుదరదు, ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవాలి. పరీక్షలు పాసయ్యాను. మెడికల్ అయింది. నా లైసెన్సు నిజమైనదేనని అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడి క్లబ్బులో ఎగిరి చూపించే పరీక్ష కూడా అయింది, కానీ అది ఆరు నెలలే చెల్లుతుంది. అందులో పదకొండు రోజులు మిగిలాయి.

ఇక చేయాల్సింది ఒక్కటే. లాగ్‌బుక్‌లోని ప్రతి వరుసనూ వెబ్‌సైట్‌లో గంటలు, నిమిషాల్లో ఎక్కించాలి. మొత్తం గంటలకు ఢోకా లేదు. అయితే పక్కన నేర్పే సారు లేకుండా, నేనే కెప్టెన్‌గా నడిపినవి నూరు గంటలు ఉండాలి. తొంభై తొమ్మిదిన్నర ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. నా లాగ్‌బుక్‌లో అలాంటివి అరవై ఐదు వరుసలు. కింద కూడిక 101.2.

ఆ కాలమ్ ఎక్కించే పని బాపు తీసుకున్నాడు. పాశమైలారంలో ఒక పంపుల ఫ్యాక్టరీ టైం ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తున్నాడు. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారు, ఎన్నింటికి బయటికి పోయారు అన్నది బాపు రాస్తే జరిగినట్టు, రాయకపోతే జరగనట్టు. ఐదు నిమిషాలు దాటితే లేటు మార్కు పెడతాడు. సొంత తమ్ముడికి రెండుసార్లు పెట్టాడు. బాబాయి ఇప్పటికీ మా ఇంట్లో చాయ్ తాగడు.

బాపు ముందు అంకెలన్నీ కాగితం మీదికి ఎత్తి రాసుకున్నాడు, తర్వాత ఒక్క వేలితో టైపు చేశాడు. నేను అటు తిరిగి జిరాక్స్‌లకు నంబర్లు వేస్తున్నాను. పదిన్నరకు వెబ్‌సైట్ కూడిక చూపించింది. డెబ్బై ఆరు గంటల యాభై రెండు నిమిషాలు.

"ఇరవై మూడు గంటల ఎనిమిది నిమిషాలు తక్కువ పడ్డది" అన్నాడు బాపు, ఫ్యాక్టరీ గేటు దగ్గర లేటని చెప్పే గొంతుతోనే.

"తక్కువెట్ల పడ్తది బాపు? నూట ఒకటి పాయింట్ రెండు ఉండాలె."

"నేను సూసే ఎక్కించిన. రెండుసార్లు కలిపిన."

"అంటే వీడు మల్ల ఆఫ్రికాకు పోవాల్నా?" అంది అమ్మ వంటగదిలోంచి.

పదకొండు రోజుల్లో ఇరవై మూడు గంటలు ఎగరడం ఎక్కడా అయ్యే పని కాదు. ఇక్కడి క్లబ్బులో వరుసలో నా ముందు పద్నాలుగు మంది ఉన్నారు. లాగ్‌బుక్ తీసి మొదటి వరుస చూశాను. 1.3 అని ఉంది. తెర మీద 1:03 ఉంది.

"బాపు, ఇదెంత?"

"గంటా మూడు నిమిషాలు."

"కాదు. గంటా పద్దెనిమిది. ఆడ గంటను పది ముక్కలు చేస్తరు. ఒక్కో ముక్క ఆరు నిమిషాలు."

బాపు లాగ్‌బుక్ తన వైపు తిప్పుకున్నాడు. "గంటను పది ముక్కలు ఎవడు చేసిండు?"

"ఆడ గట్లనే రాస్తరు."

"గడియారంల అరవై ఉన్నయి. పాయింట్ తర్వాత నిమిషాలుంటయి. నేను నౌకరీల చేరినప్పటి సంది గవే ఉన్నయి."

టైం ఆఫీసులో ఎనిమిది గంటల మూడు నిమిషాలను 8.03 అని రాస్తారు. 1.3 అని ఉంటే, రాసినవాడు బద్ధకంతో సున్నా ఎగరగొట్టాడని అర్థం. నేను అరవై ఐదు వరుసల్లో సున్నాలు ఎగరగొట్టానని బాపు అనుకున్నాడు.

"మరి నన్ను అడగకపోయినవా?"

"సద్వుకున్నోనివి. సున్నా పెట్టరాదా అంటే మనసుకు పట్టిచ్చుకుంటవని."

"ఫ్యాక్టరీల మంది టైం కోసుడు సాలలేదు" అంది అమ్మ. "ఈడ కన్నకొడుకును కోసిండు."

బాపు నవ్వలేదు. ఎర్ర పెన్ను తీసి తన కాగితం మీద మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. టైం ఆఫీసు పద్ధతిలో తప్పును చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. దాని మీద ఒకే గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. 1.0 లాగా పాయింట్ తర్వాత సున్నాయే ఉండి మార్చక్కర్లేనివి ఆరే వరుసలు కాబట్టి, మిగతా యాభై తొమ్మిదింటికి గీత, అంకె, సంతకం. నేను ఆరుతో హెచ్చించి చెబుతున్నాను, బాపు తను కూడా హెచ్చించుకున్నాకే రాస్తున్నాడు.

నలభై ఒకటో వరుసలో పెన్ను ఆగింది. లాగ్‌బుక్‌లో ఆ వరుస చివర ఒక సంతకం ఉంది.

"ఈ సంతకం ఎవరిది?"

"నేర్పే సారుది."

"ఆ దినం ఆయన విమానంల ఉండెనా?"

ఉన్నాడు. గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు పక్కన కూర్చున్నాడు. దిగాక నేను అలవాటు కొద్దీ దాన్ని కెప్టెన్ కాలమ్‌లో రాశాను. 1.1. అంటే గంటా ఆరు నిమిషాలు. బాపుకు అదే చెప్పాను.

"ఒక మిషన్ మీద ఇద్దరుంటే పని పెద్దోని పేరు మీదనే పడ్తది" అన్నాడు.

"ఒక్క గంటనే గదనయ్యా" అంది అమ్మ. ఈసారి గుమ్మంలోకి వచ్చింది. "ఉంచితే ఎవడు సూస్తడు?"

"నేను సూసిన గద."

ఎర్ర పెన్ను నా ముందు పెట్టాడు. "పుస్తకం నీది. నువ్వే కొట్టు."

కొట్టాను. పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఆ గంటా ఆరు నిమిషాలు నేర్చుకున్న గంటల కాలమ్‌లోకి పోయాయి. నూట ఒకటి పాయింట్ రెండులోంచి ఒకటి పాయింట్ ఒకటి తీస్తే నూరు పాయింట్ ఒకటి. నూరుకు పైన ఉన్నది ఆరు నిమిషాలు. నేను ఒక్కడినే నడిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నది నలభై రెండు నిమిషాలు. ఇలాంటి సంతకం ఇంకొక్కటి బయటపడితే అయిపోయినట్టే. చూడాల్సినవి ఇంకా ఇరవై నాలుగు వరుసలు.

"బాపు, జెర జల్దీ చూడరాదు."

"జల్దీ సూస్తే సూసినట్టా?"

స్కేలు ఒక్కో వరుస కింద పెట్టి, చివరి కాలమ్ దాకా వేలు జరుపుతున్నాడు. పేజీలో చివరిదైన యాభై రెండో వరుస పక్కకు జరిగి మళ్ళీ ఒక సంతకం ఉంది. అమ్మ అక్కడే కూర్చుంది.

"ఇది?" అడిగాడు బాపు.

"స్కూల్ ఆఫీసోళ్ళది. పేజీ చెక్ చేసినట్టు పెడ్తరు."

"ఆడ అందరు ఒక్కతీరుగనే గీకుతరా?"

నలభై ఒకటో వరుస తెరిచి రెండు సంతకాలనూ పోల్చాడు. ఒకసారి కళ్ళజోడుతో, ఒకసారి అది లేకుండా. తర్వాత మిగతా పేజీల అడుగున ఏముందో తిప్పి చూశాడు. ప్రతి పేజీ అడుగున అదే గీత ఉంది.

"వేరే చెయ్యే" అన్నాడు. స్కేలు యాభై మూడుకు జరిపాడు.

ఒంటిగంటంబావుకు అరవై ఐదో వరుస అయింది. నేను టైపు చేశాను, బాపు పక్కన కూర్చుని తన కాగితంతో సరి చూశాడు. కెప్టెన్‌గా నడిపినవి అరవై నాలుగు వరుసలు, నూరు గంటల ఆరు నిమిషాలు.