పదకొండో రోజు కడిగిన హాలు

మా హాల్లో వేయించింది చెక్క నేల అనుకునేదాన్ని. అది రంపపు పొట్టుని అదిమి, పైన చెక్కలా కనిపించే కాగితం అంటించిన పలకలని ఆ నేల పాడయ్యాకే తెలిసింది. ముందే తెలిసుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. బహుశా అదే చేసేదాన్ని.

అప్పట్లో అమీర్‌పేటలో మా సందులో మెట్లున్న ప్రతి ఇంటికీ ఏదో ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడేది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి పిల్లలు పొద్దున్నే ఫైళ్లు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. మా ఆయనా నేనూ ఆ బోర్డుల కిందే పాఠాలు చెప్పుకుని బతికేవాళ్లం. అమ్మ పోయాక నాన్న మా దగ్గరికొచ్చాడు. వచ్చిన ఆరో నెలలో హాల్లో పాలరాతి మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. సోమాజిగూడలో ఆపరేషనయింది. ఈ రాయి మీద ఈయన్ని నడిపించొద్దని ఇంటికొచ్చే ఫిజియోథెరపీ ఆవిడ ఒకటే పోరు. అందుకని పంజాగుట్టలో ఒక షాపుకెళ్లి, కాస్త గరుకుగా ఉండే రకం చూసి లామినేట్ నేల వేయించాం. రాతి మీదే పల్చటి ఫోము పరిచి, దాని మీద పలకలు ఒకదాన్లో ఒకటి బిగించి, ఒక్క రోజులో పని ముగించి వెళ్లిపోయారు.

నాన్నకది నచ్చింది. అరికాళ్లకి చల్లగా తగలట్లేదన్నాడు. వాకర్ పట్టుకుని సోఫా దగ్గర మొదలుపెట్టి, భోజనాల బల్ల దాటి, బాల్కనీ తలుపుదాకా వెళ్లి రావడం ఆయన రోజువారీ పని. మొదటి వారం సగం దూరమే. నెలకల్లా మొత్తం. ఒక పొద్దున రెండుసార్లు వెళ్లొచ్చి, "ఇంకోసారి వెళ్లిరానా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. ఇంకో నెలలో వాకర్ తీసేసి చేతికర్ర ఇద్దామని ఫిజియోథెరపీ ఆవిడ మాటిచ్చింది. కాకపోతే ఒక్క రోజు కూడా మానకూడదంది. ఈ వయసులో పోయిన కండ మళ్లీ రాదట. ఆ మాట నా మనసులో బాగా నాటుకుంది.

అంతలో ఊళ్లో పెదనాన్న పోయారు. ఆ తుంటితో నాన్న ప్రయాణం చేసే వీల్లేదు. అన్నగారి కబురు ఫోన్లో విన్నాడు, ఫోన్ కింద పెట్టాడు, అంతే. పది రోజులూ గడ్డం గీసుకోలేదు, దేవుడి గది వైపు తిరగలేదు. పదో రోజు సాయంత్రం నన్ను పిలిచి, "రేపు శుద్ధమ్మా. ఇల్లు కడగాలి" అన్నాడు.

"మాకు మైల లేదు కదా నాన్నా. మా గోత్రం వేరు."

"నీకు లేదులే. నాకుంది. నేనుంటున్న ఇల్లు కదా."

తడిగుడ్డతో తుడుస్తానన్నాను. తుడవడం, కడగడం ఒకటేనా అన్నట్టు చూశాడు. దీని మీద నీళ్లు పోయొద్దని షాపువాడు చెప్పిన సంగతి నేను మర్చిపోలేదు. తెలిసే చేశాను. మా ఇంటికొచ్చాక నాన్న నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కాఫీలో చక్కెర చాలకపోయినా చెప్పే మనిషి కాదు. అన్నగారి ఆఖరి చూపు దక్కని మనిషికి బకెట్ నీళ్లు కూడా కుదరవని ఎలా చెప్పను? పసుపు నీళ్లు నాలుగు బకెట్లు గుమ్మం నుంచి బాల్కనీదాకా పోసి, చీపురుతో తోసి, మా ఊళ్లో గచ్చు కడిగినట్టే కడిగాను. నాన్న కుర్చీలో కూచుని, "ఆ మూల కూడా" అని చెబుతూ కడిగించాడు. పది రోజుల తర్వాత ఆయన మొహం తేటపడింది. నాకు సంతోషం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ.

మూడో రోజుకి పలకల అంచులు లేచాయి. బాల్కనీ తలుపు ముందు, నీళ్లు నిలిచిన చోట, అప్పడాల్లా ఉబ్బాయి. నాన్న వాకర్ కాలు సరిగ్గా అక్కడే తట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పడలేదు. వెనక్కి తిరిగి సోఫాలో కూలబడ్డాడు. మర్నాడు భోజనాల బల్లదాకానే వెళ్లాడు. ఆ మర్నాడు అదీ లేదు.

నేనూ చేతులు ముడుచుకు కూచోలేదు. పాత చీర మడతపెట్టి ఆ ఉబ్బు మీద పరిచి, పైన ఇస్త్రీ పెట్టెతో రుద్దాను. మెరుపు పోయి తెల్ల మచ్చ పడింది. బరువు పెడితే దిగుతుందేమోనని మా ఆయన తన లావుపాటి జావా పుస్తకాలన్నీ తెచ్చి దాని మీద పేర్చారు. మా ఇంట్లో బరువైనవి అవే. నాలుగు రోజులు అంత చదువు మోసినా ఆ పలకలు నూలుపోగంత కూడా దిగలేదు.

షాపుకి ఫోన్ చేస్తే రేపన్నారు. రేపు కాస్తా ఎల్లుండయింది. ఇక లాభంలేదని నేనే పంజాగుట్ట వెళ్లి అందరి ముందూ అరిచాను. ఊళ్లో నేలలు పరిచే పనివాళ్లంతా హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఉన్నారట. "ఒక ఫ్లోరు ఫ్లోరంతా అప్పజెప్పాలి మేడం, నాలుగు పలకల కోసం మనిషిని ఎలా తియ్యమంటారు?" అన్నాడు షాపతను. నా దగ్గర చదువుకున్న పిల్లలు రేపు వెళ్లి కూచోబోయే ఆఫీసులవి. వాటిని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఆటోలో ఇంటికొచ్చాను. నాన్న పొద్దున నేను వదిలి వెళ్లిన చోటే కూచుని ఉన్నాడు.

హాలు కడిగిన పన్నెండో రోజుకి మేస్త్రీ వచ్చాడు. నడివయసు మనిషి. ఉబ్బిన చోట బొటనవేలితో నొక్కి చూశాడు.

"నీళ్లు పోసిండ్రా, మేడం?"

"కడిగాం."

"గిది కట్టె కాదు మేడం, పొట్టు. నీళ్లు తాగితే ఉబ్బుతది, మళ్ల దిగదు. గోడకాడికెల్లి ఒక్కొక్కటి ఊడదీసుకుంట రావాలె. కింద ఫోము సుత తడిసింది. అంతా ఆరెదాంక జర ఆగాలె. మీ షేడ్ ఇప్పుడు వస్తలేదు, దగ్గరిది చూస్త. ఫికర్ చెయ్యకున్రి."

"నా మూలాన వచ్చింది బాబూ ఇదంతా" అన్నాడు నాన్న సోఫాలోంచి.

"గట్లేం లేదు పెద్దాయనా. మా ఇంట్ల గిది ఉంటే మేం సుత కడుగుతుంటిమి."

మేస్త్రీ మంచివాడు. కానీ నాన్న ఆ మాటతో తేరుకోలేదు.

సగం హాలు విప్పి పెట్టారు. పలకలు గోడకి ఆనించి ఉన్నాయి, కింద తడి ఫోము వాసన. నడిచే దారి లేక నాన్న గదికే పరిమితమయ్యాడు. మంచం మీద ఎన్ని వ్యాయామాలు చేయించినా నడకకి సాటి రావని ఫిజియోథెరపీ ఆవిడ తల అడ్డంగా ఊపేది. లుంగీ మార్చుకునేటప్పుడు చూస్తే తొడ సన్నబడుతోంది. నాకు అందరి మీదా కోపం వచ్చేది, షాపు మీద, పొట్టు మీద, చివరికి చచ్చిపోయిన పెదనాన్న మీద కూడా. ఎవరి మీద కోపగించుకున్నా ఆ తొడకి ఒరిగేదేమీ లేదు.

మొత్తం పూర్తవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. బాల్కనీ వైపు కొత్త పలకలు ఒక పిసరు ముదురుగా వచ్చాయి. మర్నాడు పొద్దున్నే నాన్నకి వాకర్ అందించాను. కాళ్లు వణుకుతున్నాయి. భోజనాల బల్ల దాటాడు. రంగు మారే చోట ఆగిపోయాడు.

"నడువు నాన్నా. గట్టిగానే ఉంది, నేను నడిచి చూశాను."

"ఇక్కడిదాకా చాల్లేమ్మా."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పడతానని భయమేమో అనుకున్నాను. చెయ్యి పట్టుకుంటానన్నా రాడు. ఐదో రోజు నాకు ఒళ్లు మండిపోయింది. బల్ల మీద గ్లాసు తీసి ఆ కొత్త పలకల మీద నీళ్లు ఒంపేశాను.

"చూడు, ఏమీ కాదు! తుడిస్తే పోతుంది!" అని అరిచాను.

నాన్న అడుగు ముందుకేశాడు. ఇన్నాళ్లూ నేను ఎదురు చూసిన అడుగే. వాకర్ మీంచి ఒక చెయ్యి తీసి, భుజం మీది తువ్వాలు లాగి నీళ్ల మీద పడేసి, ఆపరేషనయిన కాలి మీదే బరువంతా మోపి, రెండో కాలితో గబగబా రుద్దడం మొదలుపెట్టాడు. మనిషంతా ఊగిపోతున్నాడు. నేను వెళ్లి నడుం పట్టుకున్నాను.

"వదిలెయ్ నాన్నా, నేను తుడుస్తాను."

"తొందరగా తుడువమ్మా. మళ్లీ ఉబ్బితే అల్లుడుగారు ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు. ఇది నీ ఇల్లు కూడా నాన్నా."

"అలాగేనమ్మా. ముందు తుడువు" అన్నాడు.

నాన్నని కుర్చీలో కూచోబెట్టి, మోకాళ్ల మీద వంగి తుడిచాను.