సైరను మోగేదాకా కూర్చున్న కుక్కలు

సాయంత్రం పూట మా క్వార్టరు ముందు నుంచి ఒక కారు పోతుంది, దాని వెనక సీటులో రెండు కుక్కలు పెళ్లికి పోతున్న పెద్దమనుషుల్లా కూర్చుని ఉంటాయి. కొత్తగా వచ్చిన ఇంజనీరు భార్య వాటికి చొక్కాలు తొడిగి, సెంటినరీ కాలనీ గ్రౌండుకు తీసుకుపోయి, కూర్చోమంటే కూర్చోవడం, లేవమంటే లేవడం నేర్పిస్తోందట. దానికొక మాస్టారు, ఆయన నోట్లో ఒక విజిలు. మొన్న ఆమె మా మెట్ల దగ్గర ఆగి, "రెండింటికీ ఒకేసారి నేర్పిస్తే తొందరగా వచ్చేస్తుందండీ" అంది. నాది బొంగురు గొంతు, మంచిగా మాట్లాడినా తిట్టినట్టే ఉంటుంది కాబట్టి మొహం అటు తిప్పుకుని లోపలికి పోయాను. ఆ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను.

నాకు సంతకం మించి రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది, మధ్యలో తన తెలివి కలపొద్దని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో మా క్వార్టర్ల లైనుకంతా బొగ్గుబాయి సైరనే గడియారం. తెల్లవారే సైరనుకు మా ఆయన లేచేవాడు, ఆయన మంచం కిర్రుమన్నాక నేను లేచేదాన్ని. మధ్యాహ్నం సైరనుకు ఎసరు పెట్టేవాళ్లం, పిల్లల్ని కొట్టే ఆడవాళ్లు కూడా సైరను వినగానే చెయ్యి దించి పొయ్యి దగ్గరికి పోయేవాళ్లు. అలాంటి ఇంట్లోకి మా ఆయన బాయి దగ్గర దొరికాయని రెండు కుక్కపిల్లల్ని తెచ్చాడు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. నేను వాటిని ఎన్నడూ ముద్దు చేయలేదు. ఛీ అంటూనే తిండి పెట్టేదాన్ని. కానీ ఆయన నైటు షిఫ్టు వారాల్లో అవి గడపకు అడ్డంగా పడుకుంటే నాకు నిద్ర పట్టేది, అది మాత్రం ఒప్పుకోవాలి.

వచ్చిన చిక్కల్లా రెండో షిఫ్టుతోనే. మొదటి షిఫ్టుకు ఆయన పోయేటప్పుడు పెరట్లో కట్టేసి ఉండేవి. రెండో షిఫ్టుకు పట్టపగలు పోతే తాళ్లు తెంపుకుని మరీ వెంటపడేవి. బాయి గేటుకు పోవాలంటే బొగ్గు లారీల రోడ్డు దాటాలి, ఆ లారీలకు ముందు మనిషే కనిపించడు, ఇక కుక్క ఎక్కడ! చక్రం కింద పడతాయని మా ఆయనకు అన్నం దిగేది కాదు.

అప్పుడు దిగాడు మా ఆడబిడ్డ మొగుడు. మిలిటరీలో వంటింట్లో ఉల్లిగడ్డలు తరిగి వచ్చిన మనిషి, మా లైనులో మాత్రం మిలిటరీ కుక్కలకు పాఠాలు చెప్పానని మీసం తిప్పేవాడు. "వారం రోజులు నాకు ఇడిసిపెట్టు బావ. రెండిట్కి ఒక్కపారే నేర్పుత. పని తెలిసినోడు ఒక్క పనే రెండుసార్లు చేస్తడా?" అన్నాడు. మా ఆయన నమ్మాడు. తన మొగుడి మాట కాదంటే చెల్లెలు బాధపడుతుందని నమ్మే మనిషి ఆయన.

అది మా ఆయనకు మొదటి షిఫ్టు వారం. మధ్యాహ్నం సైరనుకు ముందు నేను రెండింటినీ చెరొక తాడుతో గ్రౌండుకు ఈడ్చుకుపోవాలి. ఒకటి కుడికి గుంజితే ఒకటి ఎడమకు గుంజేది, లైనంతా నవ్వేది. "అక్కా, నువ్వు కుక్కల్ని తోల్కపోతున్నవా, అవి నిన్ను తోల్కపోతున్నయా?" అని పక్కింటిది. నేను బొంగురు గొంతుతో దాని అత్త దాకా తిట్టేదాన్ని.

ఆ మహా మాస్టారి పాఠం ఏమిటంటే, రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టి "ఉండు" అనాలి, షిఫ్టు వదిలే సైరను మోగేదాకా కదలనివ్వకూడదు, మోగగానే వదలాలి. అవి మా ఆయన వచ్చే మలుపు దాకా ఉరికి ఎదురుపోయేవి. వారం తిరిగేసరికి రాళ్లలా కూర్చోవడం, సైరనుకు బాణాల్లా లేవడం వచ్చేసింది. లైనులో మగవాళ్లంతా మెచ్చుకుంటే మా ఆడబిడ్డ మొగుడు కొత్త పెళ్లికొడుకులా తిరిగాడు.

తర్వాతి వారం రెండో షిఫ్టు. మా ఆయన టిఫిను పట్టుకుని గడప దిగి "ఉండు" అన్నాడు. రెండూ కూర్చున్నాయి. ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటూ, నవ్వుకుంటూ పోయాడు. కాసేపటికి సైరను మోగింది. మొదటి షిఫ్టు వదిలే సైరనే రెండో షిఫ్టు ఎక్కే సైరను! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దాని కింద బతికినవాళ్లం, లైనంతా తెలివిగలవాళ్లం, ఒక్కరికీ తట్టలేదు. ఎర్రది లేచింది, దాని వెనక నల్లది. నా గొంతు పగిలేలా అరిచాను. సైరను కంటే నా గొంతు పెద్దదా?

మలుపులో ఆయన కనపడక లారీ రోడ్డెక్కిన ఎర్రది చక్రం కింద పోయింది. నల్లది ఒడ్డునే ఆగి నిలబడింది.

అప్పటికే మా ఆయన బాయిలోకి దిగిపోయాడు. షిఫ్టు వదిలాక ఇంటికొచ్చి, గడపలో నల్లదాన్ని ఒక్కదాన్నే చూసి, టిఫిను గిన్నె కింద పెట్టాడు.

మరుసటి రోజు ఆయన "ఉండు" అంటే నల్లది కూర్చుంది. సైరను మోగింది. అది లేవలేదు. పక్కకు తిరిగి, ఎర్రది కూర్చునే చోటు వంక చూసింది. దానికి సైరను ఏనాడూ పట్టలేదని, పక్కది లేస్తే లేవడమే అది నేర్చుకున్నదని అప్పుడు తెలిసింది. బతికినన్నాళ్లూ అలాగే సైరను మోగినప్పుడల్లా పక్కకు చూసి, తల దించుకుని ఉండిపోయేది. మా ఆడబిడ్డ మొగుడు ఒకనాడు వచ్చి అది చూసి, "చూసినవా చెల్లె, ఎట్ల కూసున్నదో! నేర్పితె గట్ల నేర్పాలె" అన్నాడు. చేతిలో ఉన్న చాయ వాడి మీద పోయకుండా ఆగినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ బాయి మూసేశారు. మా ఆయన కూడా లేడు. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లను లేపుతుంది, ఒకరి మంచం చప్పుడుతో ఇంకొకరికి పని లేదు. గాలి ఇటు తిరిగినప్పుడు దూరపు బాయి సైరను సన్నగా వినిపిస్తుంది. లేవాలని కాలు కదులుతుంది. ఆయన లేచాడా అని పక్క మంచం వంక చూస్తాను. చూసి, అలాగే కూర్చుంటాను.