మడి కట్టుకున్న బ్యాటరీ

నాంపల్లి స్టేషన్ దగ్గర సోమయాజులు బ్యాటరీల కొట్టు పెట్టి ముప్పై ఆరేళ్లయింది. రోగం ఏదైనా ఆయన మొదటి మందు ఒక్కటే: మూత విప్పి డిస్టిల్డ్ వాటర్ పోయడం. చేతిలో ప్లాస్టిక్ గరాటా లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. పెళ్లిభోజనానికి వెళ్లినా సంచిలో అది ఉంటుందని భార్య బుజ్జమ్మ దెప్పుతుంది.

అలాంటి మనిషి దగ్గరికి, అబిడ్స్‌లో ఆదివారాలు పాత పుస్తకాలమ్మే వామన్‌రావు కొత్త కరెంటు స్కూటర్ తోసుకుంటూ వచ్చాడు.

"గుంతల పడితే చాలు, బంద్ అయితుంది. జర చూడు యాజులూ. నీతోని కాకుంటే చెప్పు, షోరూముకు తీస్కపోత."

ఆ చివరి మాట సోమయాజులుకు గుచ్చుకుంది. వామన్‌రావు కొన్న ప్రతి బండీ ఇంతవరకూ తన చేతి నీళ్లే తాగింది. ఇవాళ ఇతను షోరూముకు పోతే రేపు అబిడ్స్ అంతా పోతుంది. "చిటికెలో పని" అనేశాడు.

చిటికె కాస్తా గంటన్నర అయింది. బ్యాటరీ పెట్టెను ఎన్నిసార్లు తిప్పి చూసినా మూత దొరకలేదు. చివరికి స్క్రూడ్రైవర్ అందుకుని, ఎందుకైనా మంచిదని కూతురు కీర్తికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల ఒక ల్యాబులో ఇలాంటి బ్యాటరీలకే ఎలక్ట్రోడ్ పొడులు తయారుచేస్తుంది.

"స్కూటర్ బ్యాటరీ పైకప్పు పెకలిస్తున్నా. నీళ్లు ఎక్కడ పోయాలమ్మా?"

"నాన్నా, ఆగు! అది లిథియం బ్యాటరీ. ఒక రేకు మీద గ్రాఫైట్ పూత, ఇంకో రేకు మీద లిథియం ఉన్న ఫాస్ఫేట్ పూత, మధ్యలో నీటిచుక్క లేని ద్రవం. తడి తగిలిందా, అంతా పాడు. ఆ పూతల పొడిని మేం ఓవెన్లో ఎండబెట్టి, గాలి చొరని గాజుపెట్టెలో చేతులు దూర్చి పనిచేస్తాం!"

సోమయాజులు గరాటా వంక దిగులుగా చూశాడు. బుజ్జమ్మ మడి ఆయనకు తెలియంది కాదు. ఆవిడ తడిబట్టతోనే మడి కట్టుకుంటుంది. ఇదేం మడి, దీనికి తడే మైల! ముప్పై ఆరేళ్ల విద్య దీని ముందు పనికిరాకుండా పోయిందని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

పెట్టెను పక్కకు నెట్టబోతుంటే వెనకున్న తీగల ప్లగ్గు చేతికి తగిలి కదిలింది. ఊడదీసి చూస్తే వాన తడికి పిన్నుల మీద పచ్చగా చిలుము. చిలుము ఆయనకు పాత చుట్టం. గరుకు కాగితంతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, వేసలీన్ రాసి గట్టిగా బిగించాడు. వామన్‌రావు దారిలో ఒక్క గుంతనూ వదలకుండా అబిడ్స్ దాకా పోయి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చాడు.

"మంచిగైంది గని, నీళ్లు పోసినవా?"

"దీనికి పోయకూడదు రావుగారూ."

"గట్లెట్ల? నువ్వు నీళ్లు పొయ్యకుంటే నాకు నమ్మకం కుదరది. ఇన్నేండ్ల నుంచి పోస్తలేవా?"

సోమయాజులు గరాటాను మేకుకు తగిలించి, కుండలోంచి గ్లాసుడు మంచినీళ్లు ముంచి అతని చేతిలో పెట్టాడు.

"తాగండి. ఇకనుంచి బండి వంతు కూడా మీకే."