ఇంటికో సీసా

అరుగు మీద ఉన్నవి: స్పిరిటు దీపం, గాజు పిచికారీలు రెండు, సూదులు ఆరు, టీకామందు సీసాలు తొమ్మిది. ఉన్నవాళ్లు: నేను, పెట్టె మోసుకొచ్చిన బంట్రోతు, ఊరి మునసబు అయిన మా మేనమామ, తక్కిన ఎనిమిది ఇళ్ల పెద్దలు. వీధిలో దూరంగా చర్చి బడి పంతులు గారు, ఆయన వెనక ఊరి బయటి పల్లె జనం. పొద్దున్నే స్నానాలు చేసి, చేతులు బయటపెట్టుకుని నిలబడ్డారు.

కాలవ అవతలి ఊళ్లో ప్లేగు దగ్గు రూపంలో దిగింది. గజ్జల్లో బిళ్ల కట్టడం లేదు. నేరుగా రొమ్ము పట్టి, రెండు మూడు రోజుల్లో మనిషిని తీసుకుపోతోంది. పాత టీకాకు రెండు రోజులు జ్వరం కాసేది. కూలికి వెళ్లేవాళ్లు అన్ని రోజులు పడుకోలేక సూది వద్దనేవారు. అందుకే చెన్నపట్నం ప్రయోగశాలలో మేము టీకా కోసం క్రిములను చంపే వేడిని సవరించి, మోతాదు తగ్గించి, జ్వరాన్ని ఒక్క పూటకు దించాం. అంటే ఆ కొత్త మందు చేసిందే పల్లెవాళ్ల కోసం. సీసా ఇరవై మందికి వస్తుంది. ఊళ్లో అరవై ఆరుగురు, పల్లెలో నూట నలుగురు. అందరికీ సరిపోయేదే.

"ఒరే అల్లుడూ, ఒకరింట్లో పొడిచిన సీసాలోదే ఇంకొకరికి పొడుస్తావా? ఎంగిలి కాదూ?" అన్నాడు మావయ్య.

"సీసాకి ఎంగిలేంటి మావయ్యా! సూది మరిగిస్తున్నాగా."

"సూది మరుగుతుంది, సీసా మరగదుగా. ఇంటికో సీసా తియ్యి. లేదా, నీ మందు నువ్వే తాగి చెన్నపట్నం రైలెక్కు."

అరుగంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఊరు ఒప్పుకోకపోతే పల్లె కూడా ఒప్పుకోదని నాకు నేనే చెప్పుకున్నాను. వీధిలోకి ఒక్కసారి చూస్తే ఆ మాట నిలిచేది కాదు. ఏడో సీసా మూత దగ్గర నా చెయ్యి ఆగింది. మావయ్య చూశాడు. తీశాను.

ఇళ్లన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది. పంతులు గారు అరుగు అంచు దాకా వచ్చారు.

"మిగిలినవి మాకు పొడిచెయ్యండి బాబూ. ఎంగిలి మాకు కొత్తేం కాదండి."

"మూత తీసిన గంటలోపే వాడాలండి. ఆ తర్వాత గాలిలోని క్రిములు చేరతాయి. పనికిరాదు."

"అయితే మీ మావయ్య గారన్నదే నిజమన్నమాట. సీసాకి ఎంగిలి ఉంటుందండి."

ఆఖరి రెండిళ్లూ చిన్నవి. వాటి సీసాలకు ఇంకా గంట దాటలేదు. ఎవరికి ముందో చెప్పమని పంతులు గారినే అడిగాను. ఆ భారం కూడా ఆయన మీదే వేశాను. ఆయన పాలిచ్చే తల్లులను పిలిచారు, తర్వాత పిల్లలను. తన చొక్కా చెయ్యి మాత్రం కిందికి దించుకున్నారు.

మరిన్ని సీసాల కోసం చెన్నపట్నానికి తంతి ఇచ్చాను. అవి దారిలో ఉండగానే దగ్గు కాలవ దాటింది. ఆనాటికి పల్లెలో సూది పడినవాళ్లు ఇరవై ఆరుగురు. పడనివాళ్లు డెబ్బై ఎనిమిది మంది.